మోటారుకు రెండో తీగ

మా నాన్న మా ఇంటి గుమ్మం తొక్కకపోవడానికి కారణం కరెంటు. ఈ మాట చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. మేమూ నవ్వేవాళ్ళమే, ఆయన ఎదురుగా లేనప్పుడు.

నాన్న బిలాస్‌పూర్ షెడ్డులో ఇంజను డ్రైవరు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, బొగ్గు మోసి, ఫైర్‌మన్ అయి, చివరికి డ్రైవరైన మనిషి. ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు. బండి నడిపేవాళ్ళు ఒకరు, ఆ బండిలో కూర్చునేవాళ్ళు ఇంకొకరు. మా ఆయన ఈ రెండింటిలోకీ రారు. ఆయన రైలు పెట్టెల్లో కరెంటు దీపాలు చూసే ఫిట్టరు. నన్ను ఒక ఫైర్‌మన్‌కి ఇద్దామని నాన్న మనసులో అనుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా డ్యూటీకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అమ్మ ఈ సంబంధం ఖాయం చేసి తాంబూలాలు కూడా పుచ్చేసుకుంది. పెళ్ళిలో నాన్న చేయవలసినవన్నీ చేశారు. అల్లుడి కాళ్ళు కడిగారు, కన్యాదానం చేశారు. ఫోటోలో మాత్రం ఆయన ముఖం చూస్తే ఎవరిదో కర్మ చేస్తున్నట్టుంటుంది.

ఆ తర్వాత మా తార్‌బహార్ క్వార్టరు గేటు దాకా వచ్చేవారు. జామపళ్ళో సీతాఫలాలో గేటు మీదుగా నా చేతికిచ్చి అటునుంచి అటే వెళ్ళిపోయేవారు. లోపలికి రమ్మంటే, బూట్లనిండా బొగ్గని ఒకసారి, డ్యూటీకి వేళయిందని ఒకసారి అనేవారు. మా ఆయనతో సూటిగా మాట కలిపేవారు కాదు. ఏం చెప్పినా నా ద్వారానే.

"మీ ఆయనకి ఒంట్లో బాగున్నాదేటి?" అని నన్ను అడిగేవారు, మా ఆయన నా పక్కనే నిలబడి ఉండగా.

"బాగుందండి మావయ్యా" అనేవారు మా ఆయన.

"బాగుంటే మంచిదే అని చెప్పు" అనేవారు నాన్న, నాతోనే.

నేను మా ఆయన వైపు తిరిగి, "బాగుంటే మంచిదేనట" అని అప్పజెప్పేదాన్ని. మొదట్లో ఏడుపొచ్చేది. పోనుపోను ఇదో ఆట అయిపోయింది. అయినా వెళ్ళిపోతున్న నాన్న వీపు కనపడినంతసేపూ గేటు వదిలేదాన్ని కాదు.

కరెంటంటే నాన్నకు ఎందుకంత చులకనో ఒకసారి అడిగాను. "నిప్పు కనపడదు, పొగ కనపడదు, ఎలుగు మాత్రం వొచ్చీసినాదంటారు. ఏటది, గారడీయా?" అన్నారు. ఆయన దృష్టిలో మసి అంటని చేతులు పని చేసిన చేతులు కావు.

ఇలా ఉండగా మా వాకిట్లోకి ఒక మోటారు వచ్చింది. అప్పటికింకా రెండో ప్రపంచ యుద్ధం రాలేదు. ఒక దొర విలాయత్ వెళ్ళిపోతూ తన పాత గుడ్డ టాపు మోటారు కారును బంగళా వెనక వదిలేసి పోయాడు. ఇంజను బాగానే ఉంది. ముందు కమ్మీ పెట్టి తిప్పితే లేచేది, నిప్పురవ్వ పుట్టించుకునే యంత్రం దానిలోనే ఉంది కాబట్టి బ్యాటరీతో దానికి పని లేదు. పోయిందల్లా దీపాలూ, హారనూ. ఎండకు తీగల మీది రబ్బరు పెళుసెక్కి రాలిపోయింది. దాని పైన అల్లిన నూలును ఎలకలు తమ పిల్లల పరుపులకు పట్టుకుపోయాయి. ఎవరు తీసుకుపోయినా సరే, చోటు ఖాళీ అయితే చాలన్నారట బంగళావాళ్ళు. ఆ మాట మా ఆయన చెవిన పడింది. సాయంత్రానికి ఖలాసీలందరినీ పోగేసి, దాన్ని తోసుకుంటూ తెచ్చి మా వాకిట్లో నిలబెట్టారు.

మా అత్త దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇదేటి తింటాదిరా?" అని అడిగింది.

"పెట్రోలు తాగుతాదమ్మా."

"అయితే తాగించకు. ఇలగే ఉండనీ" అంది. మర్నాటి నుంచి దాని బానెట్టు మీద వడియాలు పెట్టడం మొదలుపెట్టింది. రేకు వేడికి వడియాలు బ్రహ్మాండంగా ఎండేవి. మోటారు వల్ల మా ఇంటికి కలిగిన మొదటి లాభం అదే.

మా ఆయన ఆలోచన వేరు. నాన్న రిటైరయ్యే రోజు దగ్గరపడుతోంది. మా రైల్వేలో డ్రైవరు ఆఖరి ట్రిప్పు నుంచి వచ్చే రోజున షెడ్డువాళ్ళు పట్టాల మీద పటాకాలు పెడతారు. మంచులో సిగ్నలు కనపడనప్పుడు డ్రైవరును హెచ్చరించడానికి వాడే పేలుడు మందు డబ్బీలే అవి. ఆ చప్పుళ్ళ మధ్య ఇంజను షెడ్డుకు చేరుతుంది. దిగిన మనిషికి దండలు వేసి ఊరేగింపుగా ఇంటికి తీసుకెళతారు. ఆ రోజు నాన్నను తన మోటారులో ఎక్కించుకుని వెళ్ళాలని మా ఆయన పట్టు పట్టారు. "ఒక్కసారి నా బండెక్కితే, నా ఇల్లెక్కకుండా ఉంటారేటి?" అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. అందుకే ఇంట్లో జరగబోయే అఘాయిత్యాలన్నింటికీ ముందే తల ఊపేశాను.

మా ఆయన మోటారు కిందకు దూరి, కాసేపటికి ముఖం నిండా గ్రీజుతో బయటికొచ్చి, "దీపానికి ఒక్క తీగే ఉంది. రెండోది ఎలకలు తినీసినాయి" అని తేల్చారు.

రైలు పెట్టెలో ప్రతి దీపానికీ రెండు తీగలుంటాయి. ఒకటి కరెంటును తెస్తుంది, ఒకటి తీసుకుపోతుంది. పెట్టె ఇనుముకు ఆ రెంటిలో ఏదీ తగలకూడదు. పనిలో చేరిన రోజునే మిస్త్రీ వీపు మీద ఒకటి వేసి నేర్పిన పాఠమట అది. కాబట్టి ఒక్క తీగతో దీపం వెలుగుతుందంటే మా ఆయన దేవుడు చెప్పినా వినేవారు కాదు.

"అన్ని దీపాలకీ ఒక తీగ ఒదిలీసి ఒకటే తిన్నాయేటండీ ఎలకలు?" అని అడిగాను.

"రుచి" అన్నారు ఆయన.

తుక్కు కింద తీసేసిన పాత పెట్టెల తీగ చుట్టలు చుట్టలుగా ఇంటికొచ్చింది. అడిగే తెచ్చానని ఆయన అన్నారు. ఎవరిని అడిగారో నేను అడగలేదు. సదర్ బజారులో సైకిలు దుకాణం నుంచి నూలు టేపు, లక్క కొనుక్కొచ్చారు. టంకం పెట్టే రాగి ముక్కను నా పొయ్యిలోనే కాల్చేవారు. ఆ రోజుల్లో మా ఇంట్లో పప్పుచారు తిన్నవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళకు టంకానికి వాడే గుగ్గిలం రుచి ఇంకా గుర్తుండే ఉంటుంది. నేను టేపు చుట్టేదాన్ని, ఆయన టంకం పెట్టేవారు, అత్త తిట్టేది. ముగ్గురికీ చేతినిండా పని.

తీగలన్నీ జోడు జోడుగా వేయడం పూర్తయ్యాక బ్యాటరీ తగిలించి, మీట తిప్పారు. దీపం వెలగలేదు. హారను మాత్రం దానంతటదే మోగడం మొదలుపెట్టింది. మీట ఎటు తిప్పినా ఆగలేదు. అంతలో సీటు కింద నుంచి రబ్బరు కాలిన వాసనతో పొగ లేచింది.

రైల్వే కాలనీలో ఆగకుండా మోగే కూతంటే ఏదో ప్రమాదం జరిగిందని అర్థం. ఎవరు దేన్ని మోగించారని ఎవరూ ఆలోచించరు. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. ఒకాయన ఇసక బాల్చీతో వచ్చాడు. పక్కింటి గార్డుగారు లుంగీ మీద, చేతిలో ఎర్రజెండాతో వచ్చి, "క్యా హువా, భాయ్, ఏ బండి పడింది?" అంటూ దారికి అడ్డంగా నిలబడ్డారు. మా ఆయన చేత్తోనే తీగ పీకబోయి వేళ్ళు కాల్చుకున్నారు. మా అత్త ఎవరికీ చెప్పకుండా గేదె కోసం ఉంచిన కుడితి బాల్చీ తెచ్చి, మోటారు మీదా కొడుకు మీదా సమంగా పోసేసింది. హారను ఒక్కసారి గుటక వేసి ఆగిపోయింది.

అప్పుడే డ్యూటీ దిగి ఇంటికి పోతున్న నాన్న కూడా ఆ కూత విని వచ్చారు. గేటు అవతల నిలబడి, కుడితిలో తడిసిన అల్లుణ్ణి తలనుంచి కాళ్ళ దాకా చూశారు.

"దీపం ఎలిగినాదా?" అని నన్ను అడిగారు.

"నేదు నాన్నా."

"కూత బాగున్నాది" అన్నారు. కాసేపాగి, "ఈ బండేనా షెడ్డు కాడికి తెత్తాడట? మీ అమ్మ చెప్పినాది. ముందు దీపం, ఎనక దీపం ఎలగకుండా ఏ బండీ షెడ్డు దాటదు. ఆ రోజు అవి ఎలిగితే ఎక్కుతాను. ఎలగకపోతే నాను నడిసి మా ఇంటికి పోతాను. మీ ఆయనకి చెప్పు" అన్నారు.

నేను చెప్పనవసరం లేకపోయింది. మా ఆయన గడ్డం మీద నుంచి కుడితి కారుతోంది. షెడ్డులో అందరి ముందూ నాన్న ఆ మోటారును కాదని నడిచిపోతే, ఇక ఈ జన్మలో మా ఇంటికి రారు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

మా ఆయన మళ్ళీ మొదటి నుంచీ వేశారు. మళ్ళీ పొగ వచ్చింది. మళ్ళీ వేశారు. చివరికి ఎలాగో ముందు దీపం ఒకటి వెలిగింది. ఎందుకు వెలిగిందో ఆయనకూ తెలియదు. ఆర్పితే మళ్ళీ వెలగదేమోనని అలాగే వదిలేసి, దాన్ని ముట్టుకోవద్దని మాకు గట్టిగా చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయారు.

ముట్టుకోకూడదనే అనుకున్నాను. మధ్యాహ్నం వడియాలు తీస్తుంటే నా చీర కొంగు ఒక తీగకు తగులుకుంది. లాగాను. తీగ కూడా ఊడి వచ్చింది. నా ప్రాణం పోయినంత పనైంది. తలెత్తి చూస్తే దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది.

ఇక నన్నెవరు ఆపగలరు. వడియాలు అత్తకు వదిలేసి మోటారులోకి దూరాను. ఒక్క తీగతోనే దీపం వెలుగుతుంటే, వెళ్ళిన కరెంటు తిరిగి ఎలా వస్తోంది? వెతగ్గా వెతగ్గా బ్యాటరీ దగ్గర ఒక వెడల్పాటి రాగి పట్టీ కనిపించింది. దాని ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస మోటారు ఇనుప చట్రానికి బిగించి ఉంది. అదేమిటని ఇదివరకు అడిగితే, బ్యాటరీ కదలకుండా కట్టిందని మా ఆయన చెప్పారు. దాన్ని ఊడదీశాను. దీపం ఆరిపోయింది. తగిలించాను. వెలిగింది. నేనలా తీసి పెడుతుంటే మా అత్త బానెట్టు మీద చెయ్యేసుకుని వింతగా చూస్తోంది.

ఎలకలు ఏమీ తినలేదు. రెండో తీగ మోటారు ఒళ్ళే. రైల్లో ఏది తగలకూడదో, ఇక్కడ అదే తగలాలి. మా ఆయన రెండు తీగల్లో ఏది ఎటుంటే ఏమిటిలే అని తగిలించేసరికి, కరెంటు మోసే తీగ కొన్నిచోట్ల తిన్నగా ఇనుముకే ఆనింది. పొగ రాక ఏమవుతుంది. సాయంత్రానికల్లా రెండో తీగలన్నీ పీకేసి, అటూ ఇటూ అయినవి సరిచేసి, పీకినవన్నీ చుట్ట చుట్టి అరుగు మీద పెట్టాను.

ఆయన వచ్చేసరికి దీపాలన్నీ వెలుగుతున్నాయి. అరుగు మీది తీగ చుట్టను చూశారు, దీపాలను చూశారు, నన్ను చూశారు.

"బండి ఒంటికి కరెంటు ఎక్కించీసినావా? ముట్టుకుంటే కొట్టీదూ?"

"అత్త పొద్దున్నుంచీ దాని మీదే ఉన్నాది. ఏటయిందో అడగండి."

మా అత్త పళ్ళెంలో వడియాలు ఏరుకుంటూ, "నాకేటయినాది?" అంది. మా ఆయన వేలి వెనక వైపుతో మడ్‌గార్డును భయం భయంగా తాకారు. ఏమీ కాలేదు. అరుగు మీద కూలబడ్డారు. తర్వాత, "నాకూ మొదట్నుంచీ ఇదే అనుమానం" అన్నారు. మగవాళ్ళ అనుమానాలు ఎప్పుడూ పని పూర్తయ్యాకే బయటపడతాయి. ఆ తీగలతో నేను పెరట్లో దండెం కట్టాను. తడిపంచె ఆరేయడానికి వచ్చినప్పుడల్లా ఆయన ఆకాశం కేసి చూసేవారు.

నాన్న ఆఖరి ట్రిప్పు రోజు వచ్చింది. మధ్యాహ్నం షెడ్డు గేటు దగ్గర మోటారు నిలబెట్టారు. వెనక సీట్లో నేనూ అత్తా కూర్చున్నాం. పటాకాలు పేలాయి. ఇంజను కూత వేసుకుంటూ వచ్చి ఆగింది. నాన్న దిగారు. దండలు వేశారు, మిఠాయిలు పంచారు. ఆయన ఆ దండలతోనే తిన్నగా మోటారు దగ్గరకు వచ్చి, ఇంజను తీసుకునే ముందు చేసినట్టే దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. చక్రాలను వేలి కణుపులతో కొట్టి విన్నారు. ఎండలో వెలుగు తెలియడం లేదని ముందు దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టి చూశారు. తల ఊపారు. వెనక్కి వెళ్ళి వంగి చూశారు.

"ఎనకది ఎలగడం నేదు" అన్నారు.

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. రాత్రి వెలిగిన దీపం ఇప్పుడెందుకు వెలగడం లేదో నాకు అర్థం కాలేదు. అప్పుడు నా కొంగుకు అంటిన నల్లరంగు కనిపించింది. మావయ్యగారు ఎక్కే బండి కళగా ఉండాలని, మా ఆయన తెల్లారకుండానే లేచి మోటారు వెనక భాగమంతా ఊడదీసి, కొత్త రంగు వేసి, మళ్ళీ బిగించారు. దీపం బిగించే చోట కూడా రంగు పులిమారు.

అంతమంది మగవాళ్ళ ముందు దిగాను. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, దీపం కొక్కెం వదులు చేసి, దాని కింద రంగంతా గీకేశాను. ఇనుము తెల్లగా బయటపడింది. కొక్కెం తిరిగి ఆనించాను. ఎర్రదీపం వెలిగింది.

"ఇదేటే?" అన్నారు నాన్న.

"బండి ఒళ్ళే రెండో తీగ నాన్నా. రంగు అడ్డొచ్చినాది."

"ఎవరు నేర్పినారు?"

మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. "ఇంకెవరు, ఆయనే" అన్నాను. మా ఆయనకు పొలమారింది.

నాన్న చాలాసేపు ఆ ఎర్రదీపాన్నే చూసి, వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. "ఎక్కుతానన్నాను. ఎనక కూకుంటానన్నేదు" అన్నారు, నాతో. మా ఆయన కమ్మీ తిప్పి ఇంజను లేపి, పక్క సీట్లోకి ఉరికి, కాళ్ళు చేతులు నాన్న వైపున్న గేరు, బ్రేకుల మీదికి చాచి ఎలాగో బండిని కదిలించారు. నాన్న రెండు చేతులతో స్టీరింగు చక్రం పట్టుకుని, హారను కొట్టి, ఎదురుగా చూస్తూ కూర్చున్నారు. ఊరేగింపు వెనక నడిచింది.

అప్పుడు నాకు తట్టింది. ఇంజను డ్రైవరు జన్మలో దేన్నీ తిప్పి ఎరగడు. ఆయన బండిని పరిగెత్తించగలడు, ఆపగలడు. మలుపు తిప్పేది పట్టాలు.

డ్రైవర్ల క్వార్టర్లకు ఎడమవైపు తిరగాలి. అక్కడ అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. తిన్నగా పోతే మా తార్‌బహార్ వీధి.

"మావయ్యా, ఎడమకి తిప్పాలి" అన్నారు మా ఆయన. నాన్న చేతులు కదల్లేదు. "మావయ్యా, చక్రం." అమ్మ ముఖం, హారతి పళ్ళెం మా పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయాయి. బండి ఎక్కడా వంకర పోకుండా మా వీధిలోకి వచ్చి, వీధి చివర ఎదురుగా తెరిచి ఉన్న మా గేటులోంచి దూరి, మా ఆయన బ్రేకు లాగితే మా గుమ్మం ముందు ఆగింది.

అమ్మ హారతి పళ్ళెంతోనే పరిగెత్తుకొచ్చింది. "సొంత ఇల్లు కనపడనేదేటి?" అని కేకలేసింది.

"చక్రం తిరగనేదు. బిగిసిపోయినాది" అన్నారు నాన్న.

అమ్మ పళ్ళెం నా చేతికిచ్చి, ఒంటి చేత్తో చక్రం పట్టుకుని తిప్పింది. అటూ ఇటూ సుఖంగా తిరిగింది. అమ్మ నాన్నను చూసింది. నాన్న మా వేపచెట్టును చూశారు. ఆయన దిగి, మెట్టు మీద కూర్చుని, తీరిగ్గా బూట్ల తాళ్ళు విప్పుకున్నారు. బూట్లనిండా బొగ్గని ఈసారి అనలేదు.

లోపలికొచ్చి చాప మీద కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. గోడకున్న కిరసనాయిలు దీపాన్ని చూసి, "కరెంటు ఫిట్టరు ఇంట్లో ఇదేటి?" అన్నారు. క్వార్టరుకు ఇంకా కరెంటు రాలేదని అత్త చెప్పింది. ఆయన చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వారు. నవ్వి, ఖాళీ గ్లాసు కింద పెట్టి, గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన కేసి చూస్తూ అన్నారు.

"రేపు పొద్దున్నొత్తాను. ఆ చక్రం ఎలగ తిప్పాలో నేర్పు, బాబూ."

మా ఆయన అలవాటు కొద్దీ నా కేసి తిరిగారు, నాన్న ఏమన్నారో నేను చెబుతానని. నేను చెప్పలేదు.

"మిమ్మల్నేనండీ" అన్నాను చివరికి.